సముద్రం వంకాయ రంగులో వచ్చింది, నష్టం ఎవరు కట్టాలి?

విశాఖపట్నం నుంచి ఓ పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 31. పాప పుట్టాక ఉద్యోగం మానేసి, గాజువాకలో ఇంటి దగ్గరే కంప్యూటర్ పెట్టుకున్నారు. శుభలేఖలు, స్కూళ్ల కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, అప్పుడప్పుడు బ్రోచర్లు డిజైన్ చేస్తారు. అచ్చు పనంతా డాబాగార్డెన్స్ దగ్గరున్న బావగారి ఆఫ్‌సెట్ ప్రెస్సులోనే. బావగారంటే భర్తకు స్వయానా అన్నగారు. "ఇంట్లో ప్రెస్సు పెట్టుకుని బయటికి ఎలా ఇస్తానండీ" అని రాశారు.

బీచ్ రోడ్డులో ఓ చిన్న హోటల్ వాళ్లు 3000 బ్రోచర్లు కావాలన్నారు. అట్ట మీద ముందూ వెనకా కలిసేలా ఒకటే ఫొటో, కైలాసగిరి మీద నుంచి తీసిన సముద్రం. స్క్రీన్ మీద చూస్తే ముదురు నీలం. అచ్చయి వచ్చేసరికి, ఆవిడ మాటల్లోనే, "సముద్రం కాదండీ, రైతు బజార్లో వంకాయలు కుమ్మరించినట్టుంది." వెనక అట్ట మీద చిన్న తెలుగు అక్షరాల పక్కన ఎర్రటి నీడ కూడా ఉంది. పిన్ను కొట్టి పంపిన మొదటి 700 కాపీలు చూసి పార్టీ వెనక్కి పంపేశాడు. మిగతా 2300 ఇంకా విడి షీట్లుగా ప్రెస్సులో కట్టలు కట్టి ఉన్నాయి.

బావగారు "ఫైలు నీది కాబట్టి నష్టం నీదే, 18,000 నీ లెక్కలో రాస్తున్నాను" అన్నారట. ఆపరేటర్ని అడిగితే "ఫైల్లో ఏటుంటే ప్లేటు మీదకి అదే వస్తాది మేడం" అన్నాడు. భర్త "అన్నయ్యతో ఎందుకు, ఇచ్చెయ్" అన్నారు. తోడికోడలు ఫోన్ చేసి "ఇంట్లో కూర్చుని చేసే పనికి ఇంత పట్టుదల ఎందుకమ్మా" అంది. ఆ మాట దగ్గర ఉత్తరంలో సిరా అలుక్కుపోయి ఉంది.

ఆవిడ అడిగినవి నాలుగు. డబ్బు కట్టాలా వద్దా? సాఫ్ట్‌వేర్లో రంగుల సెట్టింగు ఏది పెట్టుకోవాలి? ఓ వీడియోలో కలర్ మేనేజ్‌మెంట్, అంటే రంగుల మార్పిడి చూసుకునే ఏర్పాటు, మొత్తం ఆఫ్ చేసేయమన్నారు, అది నిజమేనా? బావగారి ప్రెస్సుతోనే ఉండాలా, బయటికి వెళ్లాలా?

*

అమ్మా, మీరు అచ్చు షీట్లు మడతపెట్టి ఉత్తరంతో పాటు పంపడం మంచిదైంది. అట్ట ఒకటి, లోపలి పేజీల షీటు ఒకటి. అవి లేకపోతే నేనూ మీ తోడికోడలిలాగే ఏదో ఒక మాట చెప్పి ఊరుకునేదాన్ని. రెండూ కిటికీ దగ్గర పెట్టి భూతద్దంతో చూశాను. నేను చాలా ఏళ్లు ఓ ప్రెస్సులో స్కానింగు, ప్లేట్ల సెక్షన్లో పనిచేశాను. ఆ అలవాటు పోలేదు.

అట్ట వెనక "పిల్లలతో వచ్చేవారికి ప్రత్యేక గదులు" అన్న లైను ఉంది కదా. అందులో "ప్రత్యేక" చూడండి. ప కింద రావత్తు, త పక్కన యావత్తు. మామూలు కంటికి నల్లగానే ఉంటాయి. భూతద్దంలో చూస్తే ఆ సన్నటి గీతల్లో నాలుగు రంగులూ ఉన్నాయి. సియాన్ అనే లేత నీలిపచ్చ, మెజెంటా అనే గులాబీ ఎరుపు, ఎల్లో, వాటి మీద బ్లాక్. మెజెంటా వెంట్రుక వాసి ఎడమకు జరిగింది, అదే మీరు చెప్పిన ఎర్రటి నీడ. అంతమాత్రం జరగని మెషిన్ ఉండదు. ఒక్క నల్ల సిరాతోనే అచ్చు కావాల్సిన అక్షరాన్ని నాలుగు ప్లేట్ల మీదకు, అంటే సిరాకొకటిగా వాడే అచ్చు రేకుల మీదకు, ఎక్కిస్తే ఏ మెషిన్ మీదైనా ఇదే గతి. ఇంగ్లిషు అక్షరాలకు కాస్త దాగుతుంది. మన వత్తులకు దాగదు, ఆ ఖాళీలు పూడుకుపోతాయి.

ఇక లోపలి షీటు. అదే సైజు అక్షరాలు, ఒక్క చుక్క ఎరుపు లేదు. శుభ్రమైన నలుపు.

మూడోది, అట్ట మీద ఫొటో కింది మూలలో సిమెంటు పిట్టగోడ ముక్క ఒకటి పడింది. అది బూడిద రంగులోనే ఉంది. మెషిన్ మ్యాన్ మెజెంటా ఎక్కువ వదిలి ఉంటే ముందు ఆ గోడ గులాబీ రంగుకు తిరిగేది. తిరగలేదు. కాబట్టి మెషిన్ని వదిలేయండి. ఆ రోజు మెషిన్ దగ్గర నిలబడినవాడి తప్పేమీ నాకు కనిపించలేదు.

అంటే రంగు కాగితం మీదకు రాకముందే, కంప్యూటర్లోనే మారింది. ఎవరి కంప్యూటర్లో అన్నదే ప్రశ్న.

మీ ఉత్తరం రెండో పేజీలో ఓ వాక్యం ఉంది, మీరు దాన్ని పెద్దగా పట్టించుకున్నట్టు లేదు. లోపలి పేజీలు పోయినేడాది వేరే హోటల్‌కి చేసిన ఫైలు మీదే మార్చారు. అట్ట మాత్రం కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్లో కొత్తగా మొదలుపెట్టారు. రెండు ఫైళ్లూ ఒకే ప్రెస్సుకు వెళ్లాయి, ఒకే ఆపరేటర్ తెరిచాడు, ఒకే మెషిన్ మీద ఎక్కాయి. ఒకటి బాగా వచ్చి ఒకటి చెడిందంటే తేడా ఆ రెండింటి పుట్టుకలోనే ఉండాలి. కొత్త ఫైలు తెరిచేటప్పుడు కోరల్ ఒక పెట్టె చూపిస్తుంది. అందులో ప్రైమరీ కలర్ మోడ్ అని ఉంటుంది. అక్కడ ఆర్‌జీబీ, అంటే స్క్రీన్ లైట్ల రంగుల పద్ధతి, ఉండిపోతే, పక్కన కనిపించే రంగుల పట్టీ కూడా ఆర్‌జీబీదే వస్తుంది. మీరు అందులో నలుపు నొక్కారు. అది నల్ల సిరా కాదు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం లైట్లు మూడూ ఆర్పేస్తే వచ్చే చీకటి. చీకటిని సిరాగా మార్చమంటే సాఫ్ట్‌వేర్ నాలుగు సిరాలూ పోస్తుంది. స్వాప్ వెర్షన్ 2 అనే ప్రొఫైల్‌తో, అంటే ఏ రంగుకు ఏ సిరా ఎంతో చెప్పే పట్టికతో, మారిస్తే సియాన్ 75, మెజెంటా 68, ఎల్లో 67, బ్లాక్ 90. కూడితే 300 శాతం సిరా, ఒక చిన్న రావత్తు కోసం.

నా అంచనా నిజమో కాదో మీరే ఇప్పుడే తేల్చుకోవచ్చు. అట్ట ఫైలు తెరిచి ఆ "ప్రత్యేక" మీద క్లిక్ చేయండి. కింద కుడి మూల స్టేటస్ బార్లో ఫిల్ రంగు అంకెలు కనిపిస్తాయి. అక్కడ ఆర్, జీ, బీ మూడూ సున్నా అని ఉంటే ఆర్‌జీబీలో ఇచ్చింది మీరే. కే, అంటే నల్ల సిరా, 100, మిగతావి సున్నా అని ఉంటే నేను పొరబడ్డాను, మార్పు ప్రెస్సు కంప్యూటర్లో జరిగింది. రెండో సంగతి తేలితే ఈ ఉత్తరంలో డబ్బు గురించి నేను కింద రాసేదంతా మీ వైపుకు తిప్పి చదువుకోండి.

మొదటిదే అనుకుందాం. అప్పుడు కూడా నష్టమంతా మీది కాదు. మీరు ప్రెస్సుకు పంపింది పీడీఎఫ్ కాదు, కోరల్ ఫైలు. దాన్ని తెరిచి, పీడీఎఫ్ చేసి, ప్లేట్లకు పంపింది వాళ్లు. మారని రంగులు మీ ఫైల్లో ఉన్నాయి, వాటిని మార్చింది వాళ్ల కంప్యూటర్. వండకుండా పంపింది మీరు, ఏం వండుతున్నామో చూడకుండా వండింది వాళ్లు. ఆపరేటర్ అన్న "ఫైల్లో ఉన్నదే ప్లేటు మీదకి వస్తాది" అన్న మాట సీఎంవైకే, అంటే నాలుగు సిరాల అంకెలతో ఉన్న పీడీఎఫ్ ఇచ్చిన రోజు నిజం. ఆర్‌జీబీ కోరల్ ఫైలు ఇచ్చిన రోజు అబద్ధం. పాపం అతను అబద్ధమాడాడనను. అతనికి ఆ తేడా ఎవరూ చెప్పి ఉండరు.

సముద్రం సంగతి కొంచెం ఓపిగ్గా వినండి, ఇది మళ్లీ మళ్లీ ఎదురయ్యేది. మీ స్క్రీన్లో నీలం లైటు ఉంది. ప్రెస్సులో నీలం సిరా లేదు. సియాన్ మీద మెజెంటా వేసి నీలం తెప్పించాలి. ఆర్‌జీబీలో అచ్చమైన నీలాన్ని, అంటే 0, 0, 255ను, అదే స్వాప్ ప్రొఫైల్‌తో మారిస్తే సియాన్ 88, మెజెంటా 77 అవుతుంది. ఆ రెండు అంకెలూ అంత దగ్గరగా ఉంటే కాగితం మీద వచ్చేది ఊదా రంగే. పాతకాలం ప్రెస్సు వాళ్లు లెక్కగా చెప్పేవారు, నీలం నీలంగా ఉండాలంటే మెజెంటా సియాన్ కంటే కనీసం 30 తక్కువ ఉండాలని. నేను పనిచేసిన చోట నా చేతుల మీదుగా వెళ్లిన ఓ కేలండర్లో కృష్ణుడు నేరేడుపండు రంగులో వచ్చాడు. దేవుడు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు, గోడకు తగిలించుకుని దండం పెట్టుకున్నారు. హోటల్ పార్టీ అలా కాదు కదా.

కాబట్టి ఫొటోని ఫొటోషాప్‌లో మీరే సీఎంవైకేకి మార్చుకుని, సముద్రం మీద కర్సర్ పెట్టి ఇన్ఫో ప్యానెల్లో అంకెలు చూడండి. మెజెంటా మరీ దగ్గరగా ఉంటే సెలెక్టివ్ కలర్లో బ్లూస్ ఎంచుకుని మెజెంటా తగ్గించండి. స్క్రీన్ మీద కాస్త చప్పగా కనిపిస్తుంది, కంగారు పడొద్దు. మార్చకముందే ఫలితం చూడాలంటే కంట్రోల్, వై నొక్కండి. ప్రూఫ్ కలర్స్ అంటారు. షిఫ్ట్ కూడా కలిపి నొక్కితే సిరాకు అందని రంగులున్న చోట బూడిద మచ్చలు వస్తాయి. మీ ఫొటోకి సముద్రమంతా బూడిదైపోతుందని పందెం.

మార్చేటప్పుడు రెండరింగ్ ఇంటెంట్ అని ఒకటి అడుగుతుంది. నాలుగుంటాయి, మీకు అక్కర్లోకి వచ్చేవి రెండే. సాయంత్రం పూట కాంప్లెక్స్ దగ్గర సిటీ బస్సు గుర్తు తెచ్చుకోండి. ఎక్కాల్సినవాళ్లు ఎక్కువ, చోటు తక్కువ. పర్సెప్చువల్ అంటే లోపలున్న వాళ్లంతా తలా కొంచెం జరిగి అందరికీ చోటిస్తారు. ఎవరి చోటు వారికి కచ్చితంగా ఉండదు గానీ ఒకరి పక్కన ఒకరు అన్న వరుస చెడదు. రెలటివ్ కలరిమెట్రిక్ అంటే సీటు దొరికినవాళ్లు కదలరు, మిగిలినవాళ్లంతా ఫుట్‌బోర్డు మీద ఒకరి మీద ఒకరు పడతారు. ఫొటోషాప్‌లో మామూలుగా ఉండేది ఈ రెండోది. లోగోలకు, శుభలేఖలకు అదే మంచిది. నీలం నిండిన ఫొటోకి మాత్రం అలల మధ్య తేడాలన్నీ ఆ ఫుట్‌బోర్డు దగ్గర నలిగి ఒకే అచ్చులా తేలతాయి. మీ అట్ట మీద కుడివైపు అలలు మాయమై రేకు పరిచినట్టున్నది అందుకే అనుకుంటాను. ఒకసారి పర్సెప్చువల్‌తో కూడా మార్చి పక్కపక్కన పెట్టి చూడండి.

ఫొటో తెరిచినప్పుడల్లా వచ్చే పెట్టె గురించి సిగ్గుపడుతూ రాశారు, ఏళ్ల తరబడి చదవకుండా ఓకే నొక్కుతున్నానని. సిగ్గెందుకు, నాకు తెలిసిన డిజైనర్లలో సగం మంది అంతే. మీ ఫొటోగ్రాఫర్ ఫొటోలు అడోబ్ ఆర్‌జీబీలో ఇస్తాడు, మీ ఫొటోషాప్ ఎస్‌ఆర్‌జీబీలో ఉంది. ఆ రెండు ప్రొఫైళ్లూ కలవడం లేదని ఆ పెట్టె చెబుతోంది. దాని అర్థం పట్టుబడాలంటే స్థలాల లెక్క చాలు. 200 గజాల స్థలాన్ని సెంట్లలో చెప్పమంటే 4.13 సెంట్లు అంటాం. అంకె మారింది, స్థలం మారలేదు. ఇది కన్వర్ట్. దస్తావేజులో "గజాలు" కొట్టేసి "సెంట్లు" అని రాస్తే 200 సెంట్లయింది. అంకె అదే, స్థలం మాత్రం ఎక్కడికో పోయింది. ఇది అసైన్. ప్రొఫైల్ అంటే అంకె పక్కనున్న ఆ "గజాలు" అన్న మాట. 1993లో అడోబ్, యాపిల్, కొడాక్, మైక్రోసాఫ్ట్‌తో సహా ఎనిమిది కంపెనీలు కూడి ఒక మండలి పెట్టుకున్నది ఈ మాట ఒక యంత్రం రాస్తే ఇంకో యంత్రానికి అర్థం కావాలనే. ఆ పెట్టెలో మొదటిది, ఫొటోతో వచ్చిన ప్రొఫైల్‌నే వాడు అన్నది. మామూలు సెట్టింగుల్లో చుక్క దాని మీదే ఉంటుంది కాబట్టి మీ ఓకేలు ఏ హానీ చేయలేదు. మూడోది, డిస్కార్డ్ అన్నది, "గజాలు" చెరిపేసి అంకె ఒక్కటే ఉంచడం. అది మాత్రం నొక్కకండి.

ఆ వీడియో చెప్పింది కూడా ఇదే చెరిపివేత. ఫ్లెక్సులు చేసేవాళ్లు కొందరు ఆఫ్‌లోనే పెట్టుకుంటారు, వాళ్లకు నడుస్తుంది. ఎందుకంటే వాళ్లకు మెషిన్ పక్కనే ఉంటుంది, ముక్క కొట్టి చూసి సరిచేసుకుంటారు. మీరు గాజువాకలో, మెషిన్ డాబాగార్డెన్స్‌లో. పైగా ఆ సెట్టింగులు ఆఫ్ చేసినా రంగు మారడం ఆగదు. మీరు మోడ్‌లోకి వెళ్లి సీఎంవైకే నొక్కిన క్షణం ఫొటోషాప్ తన వర్కింగ్ స్పేస్, అంటే సెట్టింగుల్లో ముందే పెట్టిన ప్రొఫైల్, ఏది ఉంటే దానితో మారుస్తుంది. అదేమిటో మీకు తెలియకుండా పోతుంది, అంతే తేడా.

ఇంతకీ ఏ ప్రొఫైల్ పెట్టాలి? ఫొటోషాప్‌లో షిఫ్ట్, కంట్రోల్, కే నొక్కితే కలర్ సెట్టింగ్స్ వస్తుంది. మీ దాంట్లో సీఎంవైకే దగ్గర యూఎస్ వెబ్ కోటెడ్ స్వాప్ అని ఉండే అవకాశం ఎక్కువ. అక్కడ వెబ్ అంటే ఇంటర్నెట్ కాదు, అమెరికాలో రీలు కాగితం మీద పత్రికలు అచ్చేసే మెషిన్లు. షీట్లు వేసే బావగారి మెషిన్‌కి దానితో చుట్టరికం లేదు. నేనైతే ఆర్ట్ పేపర్‌కి కోటెడ్ ఫోగ్రా 39 పెట్టుకుంటాను. మ్యాప్‌లితో లాంటి మెరుపులేని కాగితానికి అన్‌కోటెడ్ ఫోగ్రా 29. ఇవీ మన ఊరి మెషిన్‌ని చూసి చేసినవి కావు, జర్మనీవి. అయినా దగ్గర. ఒక్క ముక్క మాత్రం మర్చిపోవద్దు: ముందు ప్రెస్సుని అడగాలి. వాళ్లు వేరేది చెబితే వాళ్లదే. కోరల్లో టూల్స్ కింద కలర్ మేనేజ్‌మెంట్‌కి వెళ్లి అక్కడా అదే ప్రొఫైల్ పెట్టండి. రెండు సాఫ్ట్‌వేర్లలో రెండు ఉంటే ఫొటో ఇంకోసారి మారే ప్రమాదం ఉంది. అక్కడే ప్రిజర్వ్ ప్యూర్ బ్లాక్ అని ఉంటుంది, టిక్ పెట్టండి. ప్రొఫైళ్లు కలవకపోతే హెచ్చరించమనే టిక్కు కూడా.

ప్రెస్సుకు ఏమివ్వాలన్న దగ్గర మీ ముందు రెండు దారులున్నాయి. ఫొటోలు ఆర్‌జీబీలోనే ఉంచి, ప్రొఫైళ్లు అంటించి, పీడీఎఫ్ ఎక్స్-4 అనే అచ్చు పనుల పీడీఎఫ్ రకం ఇవ్వొచ్చు. మార్చడం ప్రెస్సు పని అవుతుంది. తెలిసినవాళ్లు ఉన్న చోట ఇది మంచి పద్ధతి. బావగారి దగ్గర ఏడాదిలో ముగ్గురు ఆపరేటర్లు మారారని రాశారు. అక్కడ దీన్ని నమ్ముకుంటే ఇప్పటి కథే మళ్లీ. రెండోది, అంతా మీరే సీఎంవైకేకి మార్చి పీడీఎఫ్ ఎక్స్-1ఏ అనే ఇంకో రకం ఇవ్వడం. అందులో ఆర్‌జీబీ ఉండటానికే వీల్లేదు. అక్షరాల్ని ఔట్‌లైన్లు, అంటే గీతల బొమ్మలు, చేయకపోయినా ఫాంట్లు లోపలే ఉంటాయి, "అను ఫాంట్ మా దగ్గర లేదు" అన్న పేచీ కూడా పోతుంది. కానీ రంగు బాధ్యత పూర్తిగా మీ మీదకు వస్తుంది, తర్వాత ఎవరినీ అనడానికి ఉండదు. ఇంకోటి, సీఎంవైకే అయిపోయిన ఫొటోని రేపు ఇన్‌స్టాగ్రామ్‌కో ఫ్లెక్సుకో అడిగితే పోయిన మెరుపు తిరిగి రాదు. ఆర్‌జీబీ అసలు ఫైలు వేరే పేరుతో దాచుకోండి.

ఇక డబ్బు.

18,000 మారుమాట లేకుండా కట్టేయొచ్చు. ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, మీ ఆయన ఊపిరి పీల్చుకుంటారు. కానీ ఇకమీదట ప్రెస్సులో ఏ షీటు చెడినా మొదట మీ పేరే వస్తుంది, ఎందుకంటే ఒకసారి కట్టారు కదా. ఒక్క పైసా కట్టనని కూడా అనొచ్చు. ఆ మాట అనేముందు స్టేటస్ బార్లో మూడు సున్నాలు ఉన్నాయేమో చూసుకోండి. ఉంటే ఆ మాటకు బలం లేదు, రేపు ఎవరైనా తెలిసినవాడు బావగారికి చూపిస్తే మీరు అన్ని మాటల్లోనూ తేలికైపోతారు.

మూడోది నాకు నచ్చినది, అలాగని సులువైనదేం కాదు. చెడింది అట్ట ఒక్కటే. లోపలి పేజీలు బాగున్నాయి. 2300 కాపీలకు ఇంకా పిన్ను పడలేదు. అట్ట మళ్లీ వేస్తే చాలు, 700 కాపీలకు పిన్నులు పీకి అట్ట మార్చొచ్చు. అప్పుడు నష్టం అట్ట కాగితం, కొత్త ప్లేట్లు, ఒక రన్ను, బైండింగు కూలీ. ఆ లెక్క బావగారి చేతే వేయించండి, 18,000కి ఎంత దూరంలో ఉందో చూడండి. పార్టీ సరుకు తీసుకుంటే బిల్లు కూడా వస్తుంది. ఆ ఖర్చులో సగం మీరు పెట్టుకుంటానని మీరే ముందు అనండి. సగమే ఎందుకని అడిగితే చెప్పడానికి మీ దగ్గర మాట ఉంది: "బావగారూ, అట్ట ఆర్‌జీబీలో ఇచ్చింది నేనే. ప్లేటు వేసేముందు ప్రూఫ్ చూపించమని అడగనిదీ నేనే. కానీ మార్చింది మన ప్రెస్సులో, మార్చాక చూడాల్సిందీ మన ప్రెస్సులోనే." ఇందులో "మన" అన్న మాట వదలకండి. ఆయన ఒప్పుకోకపోవచ్చు కూడా. పెద్దవాళ్లకు మరదలి ముందు తగ్గడం కష్టం. అప్పుడు రెండు రోజులు ఆగి, లెక్క కాగితం మీద రాసి మీ ఆయన చేత పంపండి. మీ ఆయన్ని పక్షం తీసుకోమనడం లేదు, కాగితం తీసుకెళ్లమంటున్నాను. అన్నదమ్ముల మధ్య ఆ మాత్రం నడుస్తుంది.

పార్టీని మాత్రం ఏమీ అనొద్దు. వాట్సాప్‌లో చూసి బొటనవేలు పెట్టాడు నిజమే. వాట్సాప్ ఫొటోని కుదిస్తుంది, అతని ఫోను రంగుల్ని రెట్టింపు చేసి చూపిస్తుంది, ఆ వెలుగే కావాలని అతను అనుకున్నాడు. ఇకనుంచి ఫొటో ఉన్న ఏ పనికైనా కాగితం మీద డిజిటల్ ప్రూఫ్ ఒకటి తీసి, సంతకం పెట్టించుకోండి. అదీ ఆఫ్‌సెట్‌లా అచ్చంగా రాదు. వంకాయకూ సముద్రానికీ తేడా తెలియడానికి సరిపోతుంది. పార్టీ చేత ఆ ప్రూఫ్ పగటి వెలుగులో చూపించండి, షాపు ట్యూబ్‌లైటు కింద కాదు.

బయటి ప్రెస్సు సంగతి. వెళ్తే రేటు ఎక్కువ పడొచ్చు, అడ్వాన్సు అడుగుతారు, బావగారిచ్చే అరువు అక్కడ ఉండదు. కోరల్ ఫైలు తీసుకోం, పీడీఎఫ్ తెమ్మంటారు. మీరు నేర్చుకోవడానికి నిజానికి అది మంచిదే. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు బావగారి దగ్గరే ఉంచి, ఫొటోల పని మాత్రం బయట ఒకటి రెండు చేసి చూడొచ్చు. అలా అనుకుంటే ముందు ఆయనకు మీరే చెప్పండి. డాబాగార్డెన్స్‌లో అచ్చు పనివాళ్లంతా ఒకరికొకరు తెలుసు, కాగితం షాపు అబ్బాయి నోటి నుంచి ఆయన చెవిన పడితే ఈ 18,000 గొడవ దాని ముందు చిన్నదైపోతుంది. లేదా అక్కడే ఉండి పద్ధతి మార్చుకోవచ్చు. ప్రతి పనికీ ఒక జాబ్ స్లిప్పు: ఫైలు ఏ రకం, ఏ ప్రొఫైల్, ఎవరు మార్చారు, ప్రూఫ్ ఎవరు చూశారు. కింద రెండు సంతకాలు. మొదటి నెల బావగారు నవ్వుతారు. ఆపరేటర్ మాత్రం నవ్వడు, అతనికి అది కవచం.

తోడికోడలి మాటకు నేనేం చెప్పను. అట్ట రెండోసారి అచ్చయ్యాక ఒక కాపీ ఆవిడకూ పంపండి, చీటీ ఏమీ పెట్టకుండా.

మీ షీట్లు రెండూ ఈ ఉత్తరంతో తిరిగి పంపుతున్నాను. "ప్రత్యేక" చుట్టూ, పిట్టగోడ చుట్టూ పెన్సిల్‌తో సున్నాలు చుట్టాను. బావగారి దగ్గరకు వెళ్లే రోజు స్టేషనరీ షాపులో చిన్న భూతద్దం ఒకటి కొనుక్కుని వెళ్లండి. ముందు లోపలి షీటు చూపించి, ఆ తర్వాతే అట్ట చూపించండి.